మా ఇంటి నడుమ నుంచి తొవ్వ

నారాయణఖేడ్‌లో మా ఇంటికి రెండు దర్వాజలు. ఒకటి బజారు వైపు, ఇంకొకటి వెనక గల్లీ వైపు. రెండింటికీ మధ్య పొడవాటి నడవ, ఆ నడవలో ఒక గోడకు ఆనించి అమ్మ మంచం. తెల్లవారితే తెరిచిన దర్వాజలు మళ్లీ రాత్రి అన్నాలు తిన్నాకే మూసేవాళ్లం. పగలంతా వెనక గల్లీ వాళ్లు బజారుకు, బజారులోని వాళ్లు వెనక గల్లీకి మా ఇంట్లోంచే నడిచేవాళ్లు. గడప దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నడవ దాటి, అవతలి గడప దగ్గర మళ్లీ తొడుక్కుని పోయేవాళ్లు. ఇల్లు కదా, చెప్పులతో ఎట్లా తొక్కుతామన్నది వాళ్ల మర్యాద. ఇల్లు కదా, అడగకుండా ఎట్లా వస్తామన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. నిజానికి మాకూ రాలేదు.

ఊళ్లో అన్ని ఇళ్లూ ఇట్లాగే ఉంటాయని చిన్నప్పుడు నా నమ్మకం. అన్నం తింటుంటే పోయేవాళ్లు కంచంలోకి తొంగిచూసి ఏం కూర అని అడిగేవాళ్లు. చెప్పకపోతే వాసన పట్టి వాళ్లే చెప్పేవాళ్లు. పరీక్షలకు చదువుతుంటే ఎవరో ఒకరు ఆగి, "జర గట్టిగ సదువు బిడ్డా, ఏం సదువుతున్నవో మాకు ఎర్కైతలేదు" అనేవాళ్లు. పదో తరగతిలో నాకు సాంఘిక శాస్త్రంలో మంచి మార్కులు వస్తే సగం గల్లీ అది తమ గొప్పే అనుకుంది. అంతమందికి వినిపించి చదివాను మరి, వాళ్లకు కూడా కొంత వచ్చే ఉంటుంది.

నాన్న పోయి కొన్నేళ్లయింది. అన్నకు మోటారు పంపుల సామాన్ల దుకాణం ఉంది, అది కిరాయి జాగాలో. వదిన కల్హేర్ దిక్కు ఒక బడిలో టీచరు, పొద్దున ఆటో ఎక్కితే సాయంత్రం దిగుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బయట ఎక్కువ తిరగలేదు. మంచం మీద కూర్చుని చింతకాయ కొడుతూనో, వెల్లుల్లి ఒలుస్తూనో ఉంటుంది. పోయేవాళ్లు ఆమె దగ్గర ఆగి ఒక ముచ్చట చెప్పి పోవాలి. ముచ్చట లేదని తప్పించుకోబోయిన వాళ్లను అమ్మ అంత తేలికగా వదలదు.

"ఏం ముచ్చట లేకుంటనే గింత జల్దీ ఎటు పోతున్నవ్?" అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే అదే పెద్ద ముచ్చటవుతుంది.

ఇక నా సంగతి. నేను పట్టణ ప్రణాళిక చదివి, హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. పట్టణాలు ఎట్లా పెరగాలో, రోడ్లు ఎక్కడ పడాలో పెద్దవాళ్లు లెక్కలు కడతారు. వాళ్ల ఇంగ్లీషు నివేదికలకు తెలుగు రూపం రాసిపెట్టడం నా పని. ఇంగ్లీషులో ఎవరికీ అర్థం కానిదాన్ని తెలుగులో కూడా ఎవరికీ అర్థం కాకుండా చూడటం అన్నమాట. చేరిన కొత్తలో నేను 'నడిచేవాళ్లు' అని రాసేదాన్ని. మా పెద్దసారు ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఇది నివేదికలా లేదమ్మా, ముచ్చటలా ఉంది అనేవాడు. అప్పటి నుంచి నడిచేవాళ్లు 'పాదచారులు' అయ్యారు, ఖాళీ జాగా 'బహిరంగ ప్రదేశం' అయింది, ఇరుకు సందు 'పరిమిత వెడల్పు గల అనుసంధాన మార్గం' అయింది. ఆ మాట రాసిన రోజు సార్ నాకు చాయ్ తెప్పించాడు.

ఈ మాటలన్నీ శనివారం బస్సులో నాతోపాటు ఖేడ్ వచ్చేవి. ఎందుకోగాని ఒక్కో మాట మా ఇంటికి కొలిచి కుట్టినట్టు సరిపోయేది. బడికి పిల్లలు పోయే వేళ, దుకాణాలు తెరిచే వేళ మా నడవకు పీక్ అవర్. జోరుగా వచ్చేవాళ్లను ఆపే అమ్మ మంచం ట్రాఫిక్ కామింగ్, అంటే బండ్ల వేగం తగ్గించడానికి రోడ్డు మీద చేసే ఏర్పాటు. నడవలో అన్న పెట్టే మోటారు సైకిలు ఆక్రమణ. అంగడి నాడు బీదర్ దిక్కు నుంచి వచ్చి, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడి, చాయ్ తాగి మాయమయ్యే చుట్టాలు ఫ్లోటింగ్ పాపులేషన్. ఈ మాట అమ్మకు విడమరిచి చెప్పాను, పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనమని.

"గట్లైతె నువ్వు గూడ గదే గద" అంది అమ్మ. "శనివారమొస్తవ్, ఐతారం పోతవ్."

ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎక్కువగా వాడలేదు.

మా వృత్తిలో నాకు చాలా ఇష్టమైన మాట ఒకటుంది, డిజైర్ లైన్. ప్లాను వేసినవాళ్లు పార్కులో ఒక బాట కడతారు, చక్కగా రాళ్లు పరిచి, అటూ ఇటూ పూలమొక్కలు పెట్టి. జనం దాన్ని వదిలేసి గడ్డి మీద నుంచి తమకు నచ్చినట్టు నడుస్తారు. నడిచి నడిచి గడ్డి చచ్చి అక్కడ ఒక మట్టి బాట పడుతుంది. అదే డిజైర్ లైన్. మనుషులు ఎటు పోవాలనుకుంటున్నారో కాళ్లతో రాసి చూపిస్తారని మాకు పాఠం చెప్పారు. దీనికి నేను 'ఆకాంక్షా రేఖ' అని తెలుగు రాశాను. ఇద్దరు అక్కచెల్లెళ్ల పేర్లు కలిపి రాసినట్టుందని ఆఫీసులో నవ్వారు. నవ్వితే నవ్వారు, నివేదికలో మాత్రం అదే ఉంచారు.

ఇల్లు పాతబడింది, వానకు రెండు అర్రలు కురుస్తున్నాయి, పడగొట్టి కొత్తది కట్టుకుందామని అన్న అన్నప్పుడు అందరం సరేనన్నాం. తర్వాత అసలు సంగతి చెప్పాడు. వెనక గల్లీ ఇప్పుడు గల్లీ కాదు, ఆటోలు తిరిగే రోడ్డు. ఆ వైపు జాగా మొత్తం వెడల్పుకు షట్టర్ వేసి తన దుకాణం అక్కడికి తెచ్చుకుంటాడు. అంటే వెనక దర్వాజ ఉండదు. తొవ్వ బంద్.

అన్న కోరికలో తప్పేమీ లేదు. ఎన్నేళ్లని కిరాయి జాగాలో కూర్చుంటాడు? పైగా మా ఇంటికి నాలుగిళ్ల అవతల కొత్త సిమెంటు రోడ్డు పడింది, బజారు నుంచి వెనక వైపుకు నేరుగా పోవచ్చు. "ఇగ మన ఇంట్లకెల్లి పోవుడు ఎందుకు జనానికి?" అన్నాడు. వదిన ముఖమైతే షట్టరు మాట వినగానే వెలిగిపోయింది.

"ఐతారం తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోవాలంటె పరేషానే" అంది నాతో. "పోయేటోళ్లందరు 'గిన్ని ఎంటికలు రాలుతున్నయేంది బిడ్డా' అని అడుగుడే. నాకు ఒక్క దినమన్న ఎవ్వరు అడగకుంట ఎంటికలు రాలాలె."

నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. అమ్మను అడిగితే "మీ ఇష్టం" అంది. అమ్మ ఏనాడూ మీ ఇష్టం అనే మనిషి కాదు. పెండ్లికి చీర రంగు దగ్గర నుంచి పప్పులో పులుపు దాకా ఆమెకు అన్నింటి మీద ఒక మాట ఉంటుంది. ఇంటి ప్లాను మీద లేకపోవడంతో నాకు భయమేసింది. మోకాళ్లు పట్టేసిన మనిషి దగ్గరకు ఊరు నడిచి వచ్చే తొవ్వ అది. అది మూసుకుపోతే పొద్దుటి నుంచి సాయంత్రం వదిన ఆటో దిగేదాకా అమ్మ ఆ కొత్త ఇంట్లో ఎవరి ముఖం చూస్తుంది?

కాబట్టి నా చదువంతా బయటకు తీశాను. ఇంటి చుట్టూ గాలికీ వెలుతురుకూ వదలాల్సిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటారు. పక్క గోడ వెంట ఎట్లాగూ మూడు ఫీట్లు వదలాలి. ఆ మూడు ఫీట్లనే తొవ్వగా చేస్తే సరిపోతుంది కదా! జనం ఇంటి బయట నుంచి పోతారు, అన్న షట్టరు కొంచెమే తగ్గుతుంది, వదిన జుట్టు ఎవరికీ కనపడదు. రాత్రి కూర్చుని రంగుల్లో గీశాను. తొవ్వకు లేత నీలం వేసి, పక్కన రెండు క్రోటన్ మొక్కలు కూడా పెట్టాను. మొక్కలు లేకుండా బొమ్మ పూర్తి చేయడం మా వృత్తి వాళ్లకు రాదు.

మరుసటి ఆదివారం అందరినీ కూర్చోబెట్టి చూపించాను. ఇట్లాంటి సమావేశాన్ని స్టేక్‌హోల్డర్ కన్సల్టేషన్ అంటారని కూడా చెప్పాను. సంబంధం ఉన్నవాళ్లందరినీ పిలిచి, వాళ్ల అభిప్రాయాలు విని, ముందే అనుకున్నది చేయడం. అన్న కాగితాన్ని తిప్పి తిప్పి చూసి సరేనన్నాడు. వదిన క్రోటన్ల బదులు కరివేపాకు పెట్టమంది. అమ్మ కాగితం మీద వేలు పెట్టి లేత నీలం గీత వెంట అటు నుంచి ఇటు జరిపింది.

"నా మంచం ఏడున్నది దీంట్ల?" అంది.

చూపించాను. ముందు వైపు గాలి వచ్చే పెద్ద అర్ర, కిటికీ బజారు దిక్కు.

"మంచిగనే ఉన్నది" అని లేచి పోయింది. ఆ మాట చాలా తొందరగా అంది. అయినా నాకు నా బొమ్మ మీద ఉన్న మోజులో అది పట్టించుకునే తీరిక దొరకలేదు.

ఇల్లు పడగొట్టాం. పక్క గల్లీలో ఒక కిరాయి ఇంట్లోకి మారాం. తీరా పునాది తవ్వేటప్పటికి మూఢం వచ్చింది. శుక్రుడో గురువో కనపడనన్ని రోజులు శుభకార్యాలు పనికిరావని పంచాంగం చెప్పే కాలమది. ఇనుము వచ్చింది, ఇటుక వచ్చింది, ఆకాశంలో శుక్రుడు మాత్రం రాలేదు. మా నివేదికల్లో పని ఆలస్యానికి రకరకాల కారణాలు రాస్తాంగానీ ఈ కారణం రాసే ధైర్యం ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఈ ఖాళీలో మేస్త్రీ ఒక ఉపాయం చెప్పాడు. సిర్గాపూర్ మనిషి, హైదరాబాద్‌లో చాలా ఏళ్లు అపార్ట్‌మెంట్లు కట్టి వచ్చాడు. అన్నకు కాగితం మీద ఇల్లు అర్థం కావడం లేదని చూసి, "ముగ్గు పోస్త అన్నా, నేల మీదనే సూస్కో. గిది పునాది కాదు, ఉత్త గీతనే. మూఢంల తప్పు లేదు" అన్నాడు. సున్నపు పొడితో జాగా అంతా గీతలు పోశాడు. ఇది వంటర్ర, ఇది దేవుడర్ర, ఇది షట్టరు, ఇది పక్క తొవ్వ. అన్న ఆ గీతల మధ్య అటూ ఇటూ తిరిగి, దుకాణం ఉండబోయే చోట చేతులు వెనక్కి పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

ఇనుముకూ సిమెంటుకూ కావలి కావాలి. ఆ పని అమ్మ తీసుకుంది. పొద్దున అన్న బండి మీద తెచ్చి దింపేవాడు. జాగా లోపల ఒక పక్కన తాడిపత్రి కట్టి, దాని కింద మంచం వేశాడు. చిత్రం అప్పుడు మొదలైంది.

గోడల్లేవు, దర్వాజల్లేవు, జాగా అంతా బయలు. ఎవరైనా ఎటునుంచైనా పోవచ్చు. కానీ మా జనం బజారు వైపు పాత గడప ఉండిన చోటికే వచ్చేవాళ్లు. అక్కడ చెప్పులు విప్పేవాళ్లు. ఉత్త మట్టి, కంకర, పగిలిన పెంకులు. అయినా చెప్పులు చేత పట్టుకుని, కాలికి గుచ్చుకుంటే అమ్మో అనుకుంటూ, దేవుడర్ర గీత మీద నుంచి అడ్డంగా నడిచి, అమ్మ మంచం దాకా వచ్చి, అక్కడ నిలబడి మాట్లాడి, వెనక గడప ఉండిన చోట మళ్లీ తొడుక్కుని పోయేవాళ్లు. లేని ఇంటికి ఇంత మర్యాద చేసే ఊరును నేను ఇంకెక్కడా చూడలేదు.

మేస్త్రీకి మాత్రం ప్రాణం విసిగింది. ఆదివారం నేను వెళ్లేసరికి సున్నం బకెట్ పట్టుకుని గొణుగుతున్నాడు.

"నేను పొద్దుగాల పోస్త, పొద్దుమీకె వరకు మొత్తం తుడిసి పెడ్తున్నరు. గీతల మీదికెల్లి నడవొద్దంటె ఇంటరా? నడుసుడే కాదక్కా, దేవుడర్రల నిలవడి చాయ్ తాగుతున్నరు."

"పక్కన తొవ్వ గీత ఉన్నది గద, అందులకెల్లి పోతలేరా?" అన్నాను, నా లేత నీలం దిక్కు చూపిస్తూ.

"దాంట్లకెల్లి ఒక్క కుక్క పోయింది" అన్నాడు మేస్త్రీ నిజాయితీగా. "గది గూడ నిన్న."

నేను నవ్వాను. వృత్తిలో అందరికీ జరిగేదే, మన బాటను వదిలి జనం గడ్డి తొక్కుతారు. ఇది అలవాటు, ఇంకేం కాదు అన్నాడు అన్న. గోడలు లేస్తే పదిహేను దినాల్లో మరిచిపోతారన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొత్త రోడ్డు ఎంత దగ్గరైనా మా ఇల్లే అడ్డదారి, అందుకే వదలరన్నాను. ఇద్దరం వాదించుకుని, చివరకు ఆఫీసు నుంచి తెచ్చిన టేపు తీసి కొలిచాం. మేస్త్రీ ఒక కొస పట్టుకున్నాడు.

కొలిచాక నేను టేపు చుట్టి సంచిలో వేసుకున్నాను. సిమెంటు రోడ్డే దగ్గర. చెప్పులు విప్పి తొడుక్కునే తిప్పలు, ముచ్చట్లకు పట్టే సమయం లెక్కలోకి తీసుకుంటే చాలా దగ్గర. మా ఇంట్లోంచి పోయేవాళ్లు తొందరలో పోయేవాళ్లు కాదు. అప్పుడు మట్టిలో పడ్డ కాలిబాటను మళ్లీ చూశాను. గడప నుంచి గడపకు నేరుగా పోవాల్సింది, పోవడం లేదు. మధ్యలో ఒంగి మంచం దగ్గరకు వెళ్లి, అక్కడ వెడల్పుగా అరిగి, మళ్లీ మళ్లుకుని పోతుంది. పాత నడవలో మంచం దారిలోనే ఉండేది కాబట్టి ఆ ఒంపు ఎప్పుడూ తెలియలేదు. అన్న కూడా చూశాడు. చూసి, "అలవాటే" అన్నాడు మళ్లీ, ఈసారి కొంచెం మెల్లగా.

ఆ వారంలోనే అమ్మకు ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న కంటి శుక్లం ఆపరేషన్ కుదిరింది. హైదరాబాద్ దవాఖానలో చేశారు. దుమ్ము తగలకూడదు, కొన్ని వారాలు ఊరికి పోవద్దన్నారు డాక్టరు. అందుకని అమ్మను నేనూ మా ఆయనా ఉండే ఫ్లాట్‌కే తీసుకెళ్లాను.

మేముండేది పెద్ద గేటూ దాని పక్కన చిన్న గేటూ ఉన్న అపార్ట్‌మెంట్. మొదటిరోజే అమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, తలుపు బార్లా తెరిచి, కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. వరండాలో ఎవరూ లేరు. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా తల ఎత్తేది. ఎదురింటి అమ్మాయి లిఫ్టులోంచి దిగి, మర్యాదగా, "ఆంటీ, మీ డోర్ తెరిచి ఉంది" అంది.

"ఎర్కే బిడ్డా, నేనే తెర్సిన. దా, కూసో. ఏం కూర వండినవ్?"

ఆ పిల్ల బెదిరిపోయి చెవిలోని ఇయర్‌ఫోన్ సర్దుకుని లోపలికి పోయింది. కాసేపటికి కింద నుంచి వాచ్‌మన్ ఫోను, తలుపు వేసుకోవాలమ్మా, దోమలు వస్తున్నాయని పక్కవాళ్లు చెప్పారు అని. వేశాం. అమ్మ తలుపుకున్న చిన్న అద్దం రంధ్రంలోంచి కొంతసేపు బయటికి చూసింది. ఆపరేషన్ చేసిన కన్ను, అది కూడా.

"గీడ మనుషులు ఎటుకెల్లి పోతరు బిడ్డా?" అంది.

"లిఫ్టులకెల్లి అమ్మా. ఇది గేటెడ్ కమ్యూనిటీ. బయటోళ్లు రారు."

"కమ్యూనిటీ అంటె ఏంది?"

ఆ మాట నేను నివేదికల్లో వందల సార్లు రాసి ఉంటాను. "ఒక్కదగ్గర కలిసి ఉండే జనం" అన్నాను.

అమ్మ మళ్లీ ఆ రంధ్రం దగ్గర కన్ను పెట్టింది. "ఏరీ?" అంది.

వెక్కిరింపు కాదది. నిజంగానే వెతుకుతోంది. వంటింట్లోకి పోయి అవసరం లేకపోయినా స్టవ్ తుడిచాను.

మూఢం పోయే రోజు దగ్గరపడింది. పునాది ముహూర్తానికి ముందు ఒకసారి అన్నీ చూసుకుందాం రమ్మని అన్న ఫోన్ చేశాడు. ఆదివారం అమ్మను మా ఆయనకు అప్పగించి నేనొక్కదాన్నే ఖేడ్ బస్సెక్కాను.

జాగా దగ్గరకు పోగానే మేస్త్రీ నవ్వుతూ ఎదురొచ్చాడు. అంత సంతోషంగా ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"సూడక్కా, గీతలు ఎట్లున్నయో! మొన్న పోసిన, గట్లనే ఉన్నయి. ఒక్క కాలు వడలే."

నిజమే. తెల్లటి గీతలు నా బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. దేవుడర్ర చదరంగా, వంటర్ర చదరంగా, షట్టరు గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తెగకుండా. పక్క తొవ్వ కూడా ఎవరూ తొక్కక శుభ్రంగా ఉంది. తాడిపత్రి కింద మంచం నిలబెట్టి గోనెసంచి కప్పారు. అంత చక్కటి గీతల నడుమ నుంచి పోయే మనిషి ఒక్కరూ లేరు. కొత్త ఇంట్లో అమ్మ గడపబోయే రోజులు ఇవే. నా ప్లాను అట్లాగే కడితే జరిగేది ఇదే.

అన్న ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చినవ్ అని కూడా అడగలేదు.

"రోజు పొద్దుమీకి నేనే కూసుంటున్న చెల్లె, సామాన్లు ఉన్నయని. ఎవ్వరు వస్తలేరు. ఆకుకూరల పెద్దవ్వ మొన్న గీడి దాక వచ్చింది, చెప్పులు గూడ ఇడ్సింది. మంచం నిలవెట్టి ఉండుడు సూసి మల్ల తొడుక్కున్నది. 'మీ అమ్మ లేదా కొడుకా' అనుకుంట సిమెంటు రోడ్డు పట్టుకుని పోయింది."

"నువ్వున్నవ్ గద ఆడ" అన్నాను.

"నన్ను ఎవలు సూస్తరు?" అన్నాడు. అన్న జీవితమంతా ఆ నడవలోనే బండి పెట్టుకున్నాడు. జనం వస్తున్నారంటే అది ఇంటికున్న గుణమని అనుకున్నాడు, నేను అడ్డదారి అనుకున్నట్టే. మేస్త్రీ మా ముఖాలు చూసి, తన గీతల్లో ఏదో తప్పు దొర్లిందని అనుమానపడి మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు.

ఉన్నట్టుండి అన్న ఫోన్ తీసి అమ్మకు కలిపి, మాకూ వినపడేట్టు పెట్టాడు.

"అమ్మా, తొవ్వ ఏడికెల్లి తీయమంటవ్? నడుమకెల్లనా, పక్కకెల్లనా? మీ ఇష్టం అనకు. నువ్వు చెప్తెనే ముగ్గు పోస్తం."

కాల్ తెగిపోయిందేమోనని అన్న ఫోన్ వైపు చూశాడు. తర్వాత అమ్మ గొంతు మెల్లగా వచ్చింది.

"నీకు దుకాణం అక్కెరనాయె కొడుకా, అందుకే నేను అనలే. మీ నాయిన పోయిన నాటి సంది గా ఇంట్ల నేను ఒక్కదాన్నే ఉన్ననని నాకు ఎన్నడు ఎర్కగాలే. గీడికొచ్చినంక ఎర్కైంది."

అన్న ఫోన్ నా చేతికిచ్చాడు. వృత్తికంతా సరిపడా మాటలు నేర్చుకున్నదాన్ని, అమ్మా అన్న ఒక్క మాట బయటకు రాక నిలబడ్డాను. మా ఇద్దరి వాలకం చూసి మేస్త్రీయే సున్నం బకెట్ కింద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు.

"అవ్వా, నేను మేస్త్రీని. నడుమకెల్లనే తీస్త. మూడు ఫీట్లు సాల్తదా?"

"యాడ సాల్తది?" అంది అమ్మ వెంటనే. ఇప్పుడది మా అమ్మ గొంతు. "ఇద్దరు ఎదురువడితె నిలవడి మాట్లాడుకోవాలె, ఎనకటోడు పోవాలె, నా మంచం వడాలె. ఆరు ఫీట్లు ఇడువు."

మేస్త్రీ మా దిక్కు చూశాడు. అన్న లేచి, షట్టరు గీత దగ్గరకు పోయి, మంచం వెడల్పూ ఇద్దరు మనుషుల వెడల్పూ కళ్లతో అంచనా వేసుకుని, తన దుకాణంలోంచి అంత మేరా సున్నాన్ని కాలితో చెరపడం మొదలుపెట్టాడు.